కారని కారు

"భాయ్, శుక్రవారం లోపల ఆయిల్ సీల్ వేసేయాల. లేకుంటే ఎత్తుకోని పోతారు!"

సోమవారం పొద్దున ఫోన్‌లో నేనన్న మాట ఇదే. అవతల ఉన్నది మెకానిక్ ఖాదర్ బాషా. మధ్యలో ఉన్నది మా అత్త తిరుమలమ్మ కుడి చెవి. ఆ చెవికి కాస్త మసక. "ఆయిల్" అన్న మాట అందులోకి దూరి "ఇల్లు" అయి దిగింది. "శుక్రవారం ఇల్లు సీల్ వేస్తారు, సామాన్లు ఎత్తుకోని పోతారు" అని అర్థం చేసుకుని, అల్లుడి పరువు పోతుందని నన్ను ఒక్క మాట కూడా అడక్కుండా, ఆ పరువును పూతలపట్టులో ఉన్న తమ్ముడు కుప్పయ్యకూ పక్కింటి కృపామణికీ చెరిసగం పంచేసింది.

ఈ సంగతి నాకు శుక్రవారం దాకా తెలియదు. మీకు ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఆ వారమంతా నేను పడిన అయోమయం మీరు కూడా పడటం అన్యాయం.

తిరుమలమ్మ మా నాయనకు చెల్లెలు, మా ఆవిడ కోమలికి తల్లి. నాకు మేనత్త, పిల్లనిచ్చిన అత్త. ఎటు తిరిగినా అత్తే. చంద్రగిరిలో ఒంటరిగా ఉండలేక, రెండేళ్లుగా తిరుపతిలో మా ఇంట్లోనే ఉంటోంది. నేను శేఖర్ సౌండ్ సర్వీస్ మునిశేఖర్‌ని. పెళ్లిళ్లకూ జాతరలకూ మైకు పెడతాను. మైకు చెడిపోతే మైకు లేకుండానే పని కానిస్తాను.

ఇక ఆ ఆయిలు ఎవరిదంటే, నల్లమ్మది. నల్లమ్మ మా నాయన కారు. దొరలు వెళ్లిపోతూ మరిచిపోయిన మోడలు. ముందున్న పేరు పలకలో అక్షరాలు ఒక్కొక్కటే రాలిపోయి, ఇప్పుడు తను ఏ కంపెనీదో దానికే గుర్తు లేదు. ఒళ్లంతా కారునలుపు. నాయన దాని నెత్తిన రెండు గొట్టం మైకులు బిగించి, చంద్రగిరి కోట దగ్గరి నుంచి తిరుపతి దాకా ఊళ్లన్నింటికీ కబుర్లు చాటాడు. నాకు మాటలు నేర్పింది ఆ ముందు సీటే. పక్కన నాయన లేకపోయినా, అందులో కూర్చుంటేనే నాకు గొంతు పెగులుతుంది.

అలాంటి కారు కారుతోంది. తెలుగులో ఇంత సౌకర్యంగా వాక్యం కుదిరే జబ్బు ఇంకోటి లేదు.

మా వాకిలి చిన్నది. సగం ముగ్గుది, సగం నల్లమ్మది. ఏడాదిగా నల్లమ్మ తన సగం దాటి ముగ్గులోకి ఆయిల్ పారిస్తోంది. పోయిన ఆదివారం కోమలి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"బావా, ఇట్ట రా. ఈ ముగ్గుకు నేను పెట్టిన సుక్కలెన్ని?"

"నువ్వు ఎన్ని పెడితే అన్ని."

"కాదు. నేను పెట్టినేటివి తెల్లవి. నీ నల్లమ్మ పెట్టినేటివి నల్లవి. తుడిసి తుడిసి నా సెయ్యి పడిపోతా ఉండాది. రూపేష్‌కి ఫోన్ సేసినా. శుక్రవారం వస్తాడు."

రూపేష్‌కి నాయుడుపేట దగ్గర హైవే మీద దాబా ఉంది. పాత బండి ఒకటి దొరికితే టాపు కోసేసి, దాబా నెత్తిన పెట్టి, లోపల రెండు టేబుళ్లు వేయాలని అతని కోరిక. మా నాయన సీట్లో ఎవడో కూర్చుని తందూరీ తింటాడు!

"కోమలీ, అది నాయన బండి గదా!"

"మామ బండేలే. మామ ఉన్నప్పుడు కారిందా? శుక్రవారం పొద్దున నా ముగ్గు మీద ఒక్క సుక్క లేకుంటే బండి ఈడే ఉంటాది. ఉన్నింటే దాబా మీద ఉంటాది."

ఒక పక్క ఆలు, ఇంకో పక్క ఆయిలు. మధ్యలో నేను. అందుకే సోమవారం పొద్దున ఆ ఫోను.

ఖాదర్ బాషా వచ్చి నల్లమ్మ కింద పడుకున్నాడు. మెకానిక్కు అన్న మాటలో చివరున్న నిక్కంతా ఈయన ఒక్కడికే దక్కింది. కింద నుంచే తీర్పు చెప్పాడు.

"ఇంజన్ ఎనకాల సీల్ పోయిందన్నా. రబ్బరు రాయి మాదిరి అయిపోయింటాది."

"మార్సడానికి ఎంతసేపు?"

"మార్సేది ఏముంది, సిటికెలో పని. ఆడికి పోయేదే కష్టం. గేర్ బాక్స్ దించల్ల, క్లచ్ విప్పల్ల, ఫ్లైవీల్ తియ్యల్ల."

ఆయిల్ సీల్ అంటే ఏమీ లేదు, లోపల సన్నటి స్ప్రింగు పెట్టిన రబ్బరు గాజు. తిరిగే ఇరుసును గట్టిగా కరుచుకుని ఆయిల్‌ను బయటికి రానివ్వదు. ఆ ఒక్క గాజు మార్చడానికి భుజం దాకా చెయ్యి ఊడదీయాలి, అదీ సంగతి. ఇక ఆ గాజు దొరకాలి కదా! తిరుపతి అంగళ్లలో అడిగితే నవ్వారు. చిత్తూరులో అడిగితే జాలిపడ్డారు. చివరికి చిత్తూరు పాత సామాన్ల అంగట్లో, చెరకు గానుగ ఇంజన్‌ది ఒకటి బాషా చేతికి చిక్కింది. కొలత సరిగ్గా సరిపోయింది.

"గానుగ సీలా? మా బండి బెల్లం పాకం కారుస్తాదేమో భాయ్!"

"కారిస్తే కార్సనీ, ఆయిల్ కంటే తియ్యగా ఉంటాది గదా" అన్నాడు బాషా.

మంగళవారం పొద్దున గేర్ బాక్స్ దిగింది. మా అత్త పసుపు గిన్నెతో వాకిట్లోకి వచ్చింది. ప్రతి శుక్రవారం గడపకు పసుపు రాసి, మిగిలింది నల్లమ్మకు రాయడం ఆమె అలవాటు. బానెట్ ఎత్తితే ఇంజన్ నెత్తిన, ఆయిల్ పోసే చోట, కుంకుమ భరిణెలాంటి గుండ్రటి మూత ఒకటి ఉంటుంది. పసుపంతా దానికే. మీద రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు.

"ఏమత్తా, ఈ పొద్దు మంగళవారం గదా!"

ఆమె నావైపు చూసిన చూపులో, నాకు తెలియని నా కష్టాలన్నీ కనిపించాయి. "కష్టంలో ఉండేవోళ్లకు వారాలేందప్పా" అని మందంగా, మరింత మందంగా పసుపు పామింది. బండి మీద ఎంత ప్రేమో అనుకున్నాను.

సాయంత్రానికి సీలు ఎక్కింది. విప్పినవన్నీ మళ్లీ బిగిశాయి. ఆయిల్ పోసే ముందు బాషా చేతులు సబ్బుతో కడుక్కుని, శుభ్రమైన గుడ్డతో ఆ మూతను అంచుల దగ్గర పట్టుకుని తిప్పి తీసి, అరిటాకు ముక్క మీద పెట్టాడు. ఆయిల్ పోశాక అంతే జాగ్రత్తగా మళ్లీ బిగించాడు. పసుపు చెదరలేదు, బొట్టు కదలలేదు.

"అమ్మోరి బొట్టు గదన్నా, మనం మర్యాద తప్పగూడదు" అన్నాడు.

నా గుండె ఉప్పొంగింది. సామరస్యం గురించి మైకులో ఇన్నేళ్లుగా అరుస్తున్నాను, ఈయన ఒక్క మూతతో తేల్చేశాడు.

బుధవారం పొద్దున కోమలి పరీక్షకని బండి కింది దాకా ముగ్గు వేసింది. నేను ఇంజన్ స్టార్ట్ చేశాను. అంతా వంగి చూశాం. టప్. ఇంకోటి. టప్. తామరపువ్వు ముగ్గు నడిబొడ్డున రెండు తుమ్మెదలు వాలాయి.

"కారింది" అంది కోమలి.

"కొత్త సీలు, కుదురుకోవద్దా?" అన్నాడు బాషా.

"అది సీలా, కొత్త కోడలా?"

ఇది చాలదన్నట్టు కృపామణి గిన్నెడు చేపల కూర తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆమె మా పక్కింటావిడ, చర్చిలో పాటలకు మా మైకే వాడుతుంది. మొన్న పప్పు తెచ్చింది, నిన్న చారు తెచ్చింది. ఎందుకో అర్థం కాలేదు.

"అన్నా, మొన్న ప్రార్థనలో మీ ఇంటి పేరు సెప్పినాం. ధైర్యంగా ఉండు. సీల్ పడేది నీ ఒక్కనికే కాదు."

బండి గురించి వాడంతా పడుతున్న ఆరాటానికి నా కళ్లు చెమర్చాయి.

"మాకు ఇదేం కొత్త కాదులేమ్మా. నాయన కాలంలో కూడా ఒక తూరి పడింది."

కృపామణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో ప్రభువా! పెద్దాయన ఉండంగానేనా?"

"ఆయనే దగ్గరుండి ఏయించినాడు."

"మరి... ఏసేటప్పుడు మీరు ఇంట్లోనే ఉంటారా అన్నా?"

"ఉండకుంటే ఎట్టమ్మా? లైటు పట్టుకునేది ఎవరు?"

ఆమె వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వెళ్లిపోయింది. సాయంత్రానికి ఇస్త్రీ చేసే శాంతయ్య మా బట్టలన్నీ ఇస్త్రీ లేకుండానే తెచ్చి ఇచ్చేశాడు. "తర్వాత సూసుకుందాం సార్, ముందు గట్టిగా నిలబడండి" అన్నాడు. నేను నిలబడే ఉన్నాను. బట్టలే మడతలతో ఉన్నాయి.

ఇంట్లోనూ వింతలే. ఇత్తడి బిందె కనపడదు. అడిగితే అత్త "తోమడానికి తీసినా" అంటుంది. దేవుడి గది పక్కన దుప్పటి మూటలు కట్టి ఉన్నాయి. అడిగితే "పాత గుడ్డలు" అంటుంది. పాత గుడ్డలు కదిలిస్తే గణగణమంటాయా? అనుమానం వచ్చింది, నిజమే. కానీ ఆ వారం నా బుర్ర అంతా ఇంజన్ కింద ఉంది, పైన ఏం జరుగుతోందో చూసే తీరిక లేదు.

గురువారం మళ్లీ గేర్ బాక్స్ దిగింది. బాషా ఆ ఇరుసును పట్టుగుడ్డతో తుడిచి, వేలితో తడిమి, "గీతలు ఏం లేవన్నా, అద్దం మాదిరి ఉండాది" అని, ముందుజాగ్రత్తగా తెచ్చిన రెండో గానుగ సీలు వేశాడు. అత్త ఆ పొద్దు పసుపు రెండుసార్లు రాసింది. బాషా మూతను ఈసారి రెండు గుడ్డలతో పట్టుకున్నాడు. భక్తి, మర్యాద రెండూ పెరిగాయి. వాటితో పాటే ఆయిల్ కూడా.

శుక్రవారం పొద్దున స్టార్ట్ చేయగానే చుక్కలు కాదు, ధార. ముగ్గు మీద కాకి వాలింది, పక్కనే దాని పెళ్లాం వాలింది, తర్వాత పిల్లలు. నాకు పొద్దున్నే చుక్కలు కనిపించాయి.

"భాయ్! నువ్వు మెకానిక్కా, కారానిక్కా?"

"నా పనిలో తప్పు లేదన్నా! సీలు కొత్తది, ఇరుసు సుద్ధంగా ఉండాది. నీ బండికే పొగరు!"

"పొగ రాదు, పొగరు మాత్రం వస్తాదా?"

"నీ నోరు కొంచెం మూసుకుంటే ఇంజన్ సప్పుడు ఇంటాను!"

"నా నోటికి కూడా సీలు ఏస్తావా? ఏయ్! అదీ కారతాది!"

వంటింట్లోంచి కోమలి దూసుకొచ్చింది. చేతిలో కుక్కర్ మూత. "ఆపండబ్బా, ఇద్దరూ! నా పప్పు సంగటి మాదిరి అయిపాయె మీ అరుపులకు. సిన్న కుక్కర్‌ది తెలీదు గాని ఇంత ఇంజన్ విప్పినారు. కుక్కర్ పక్కల్నించి కారితే నేను ఎంటనే రబ్బరు మారుస్తానా? ఫస్టు పైన విజిల్ బొక్కలో పప్పు ఇరుక్కుందేమో సూస్తా. ఆవిరి పొయ్యేదానికి దారి లేకుంటే యాడ సందు ఉంటే ఆణ్ణించి తోసుకోని వస్తాది. ఎన్ని రబ్బర్లు మార్సినా అంతే. మీ బండికి విజిల్ యాడుండాది, సెప్పండి?"

నేను బాషా వైపు చూశాను. బాషా పై పెదవి కింది పెదవిలోకి పోయింది.

"బ్రీదర్..." అన్నాడు మెల్లగా.

"బ్రదర్ అని తర్వాత పిలువు. ముందు విజిల్ సెప్పు."

"బ్రదర్ కాదన్నా, బ్రీదర్. ఇంజన్ ఊపిరి పీల్సే బొక్క. కొత్త బండ్లకు పైపు ఉంటాది. ఈ పాతదానికి ఆ దారి..." అతని వేలు గాల్లో లేచి, పసుపు మూత దగ్గర ఆగింది. "ఆ మూతే. సుట్టూ సన్న బొక్కలు ఉండల్ల."

ముగ్గురం వంగి చూశాం. బొక్కల్లేవు. పసుపు మీద పసుపు, దాని మీద నూనె, దాని మీద మళ్లీ పసుపు. ఏళ్ల నాటి పొర గట్టిపడి కుండ అడుగులా ఉంది. దాని మధ్య తాజా బొట్టు కళకళలాడుతోంది.

"నాలుగు దినాలుగా ఆ మూత తిప్పతా ఉండావు గదయ్యా! తుడవలేకపోయినావా?"

"అమ్మోరి బొట్టన్నా! నేనెట్ట తుడిసేది? మీ ఇంటి పూజ, మీరే తుడుస్తారనుకున్నా. నువ్వు యేల తుడవలేదు?"

"నువ్వు అంత బద్రంగా పట్టుకుంటా ఉంటే, అదట్టనే ఉండల్లేమో అనుకున్నా!"

మర్యాదకు మర్యాద అడ్డం పడి, ఇద్దరి మధ్య నల్లమ్మకు ఊపిరి ఆగింది. రెండుసార్లు పొట్ట కోసిన డాక్టరు ముక్కు మూసుకుపోయిందని చూడలేదు.

అప్పుడే మా అత్త మూడో విడత పసుపు గిన్నెతో వచ్చింది. సంగతి విని గిన్నె కింద పెట్టేసింది.

"బొక్కలు పూడ్సింది నేనే. దుమ్ము పోతా ఉండాదని ఏలితో మెత్తి మెత్తి పూడ్సినా. మా అన్న ఎప్పుడూ అంటా ఉండె, బండిలో దుమ్ము పోనీయొద్దు సెల్లా అని." ఆమె పసుపు వేళ్లను కొంగుకు తుడుచుకుంది. "మా అన్న బండికి నేనే ఊపిరి ఆపితినా?"

"నీ తప్పు గాదమ్మా, మర్యాద తప్పు" అన్నాడు బాషా. "కానీ తీసేది మాత్రం నువ్వే తియ్యల్ల."

ఆమె ఆ మూతను కొంగులో పట్టుకుని వెళ్లి, పూజ ఇత్తడికి పట్టించినట్టే చింతపండు పట్టించి, కొబ్బరిపీచుతో రుద్ది రుద్ది కడిగింది. బాషా ఎండలో పెట్టి ఊదాడు. అవతల నుంచి గాలి వచ్చి నా మొహానికి తగిలింది. కోమలి నల్ల మరకలన్నీ కడిగేసి, కొత్త ముగ్గు వేసింది. ఈసారి చుక్కలు తక్కువ, తెలుపు ఎక్కువ. "సూస్తా" అంది.

స్టార్ట్ చేశాను. మూత చుట్టూ సన్నగా ఆవిరి వచ్చింది. నల్లమ్మ నిట్టూర్చింది. ముగ్గు తెల్లగా ఉంది. ఆపలేదు, అలాగే ఉంచాను. ముగ్గు తెల్లగానే ఉంది.

అప్పుడు వీధి మలుపులో రెండు బండ్లు ఒకేసారి తిరిగాయి. ముందుది రూపేష్ జీపు. అతను దిగీ దిగగానే టేపు తీసి నల్లమ్మ టాపు కొలవడం మొదలుపెట్టాడు. వెనకది మినీ లారీ. అందులోంచి మా చిన్నాయన కుప్పయ్య, నలుగురు మనుషులు, తాళ్లు. ఎవరినీ పలకరించకుండా సరాసరి లోపలికి వెళ్లి మా బీరువాను పట్టుకున్నారు.

"చిన్నాయనా! ఏంది ఇది?"

"అరవొద్దు రా శేకరా! ఆపీసర్లు వచ్చే లోపల ఎత్తేద్దాం. మా ఇంట్లో సోటు ఉండాది. టీవీ ఎత్తండి రా, బిన్నా బిరబిరా ఎత్తండి!"

రూపేష్ టేపు వదిలేసి కుప్పయ్య చెయ్యి పట్టుకున్నాడు. "పెద్దాయనా, నేను ముందు మాట్లాడుకున్నా. బండి నాది!"

"బండి గూడానా? ఒరే, బండి గూడా సీల్ ఏస్తా ఉండారు రా!"

కృపామణి ఏడుస్తూ వచ్చింది. శాంతయ్య ఇస్త్రీ పెట్టె ఎత్తుకునే వచ్చాడు. వీధి వీధంతా మా వాకిట్లో ఉంది, ప్రతి ఒక్కరూ మా ఇంట్లోంచి ఏదో ఒకటి పట్టుకుని ఉన్నారు. దిండ్లు నడుస్తున్నాయి. రోలు దొర్లుతోంది. ఎవరినీ ఆపలేక, గుమ్మంలో మూట పట్టుకుని నిలబడిన అత్తను పట్టుకున్నాను.

"అత్తా, నీకు దండం పెడతా. ఏం సీలు? ఎవరు ఏస్తారు?"

"నువ్వే గదప్పా, సోమవారం పొద్దున సెప్తివి. శుక్రవారం ఇల్లు సీల్ ఏసేయాల, లేకుంటే ఎత్తుకోని పోతారని."

ఇల్లు. ఆయిల్. కూరలు, ప్రార్థనలు, మడత బట్టలు, గణగణమనే పాత గుడ్డలు, దినానికి రెండుసార్లు పసుపు, అన్నీ ఒక్కసారిగా నా తలలో వరసగా నిలబడ్డాయి. గోడకు తల బాదుకోవాలనిపించింది. గోడ తప్ప ఇంట్లో ఇంకేం మిగల్లేదు కూడా.

పరుగెత్తి నల్లమ్మ ముందు సీట్లో కూర్చున్నాను. నాయన మైకు అందుకుని నొక్కాను.

"వీధిలోని పెద్దలకూ, పూతలపట్టు నుంచి వచ్చిన బంధువులకూ, నాయుడుపేట నుంచి వచ్చిన రూపేష్ గారికీ నమస్కారం! బీరువా కింద పెట్టండి! సీల్ వేసింది ఇంటికి కాదు, ఇంజన్‌కు! మా అత్త విన్నది ఇల్లు. నేనన్నది ఆయిల్! ఆయిల్ సీల్! రబ్బరు ముక్క! ఆపీసర్లు ఎవరూ రారు, వచ్చినవాడు ఖాదర్ బాషా, వేసింది కూడా ఆయనే! నాకు అప్పుల్లేవు, తిప్పలు మాత్రమే ఉన్నాయి, అవన్నీ మీరే తెచ్చారు!"

బీరువా కిందికి దిగింది. తర్వాత కుప్పయ్య అక్క వైపు తిరిగి, "అక్కా, నా లారీ బాడుగ ఎవరిస్తారు?" అన్నాడు. బాషా నవ్వి నవ్వి బంపరు మీద కూలబడ్డాడు. అత్త మూట మీద కూర్చుని, "అంత గట్టిగా అరుస్తాడు, ఒక్క మాట సరిగ్గా ఇనపడదు" అని నన్నే తిట్టింది.

రూపేష్ టేపు చుడుతూ కోమలి దగ్గరికి వెళ్లాడు. "అక్కా, మరి బండి?"

ఇంజన్ ఇంకా నడుస్తూనే ఉంది. కోమలి వంగి, బండి కింద ముగ్గును ఒక మూల నుంచి ఇంకో మూల దాకా చూసింది. వేలితో తాకి చూసింది. వేలు తెల్లగా వచ్చింది.

"కారలేదు తమ్ముడూ. నువ్వు వేరే బండి సూసుకో" అంది.

నేను మైకులో ఇంకేదో అనబోతే, కృపామణి కిటికీలోంచి వేలు పెట్టి ఆపింది.

"సంతోషం అన్నా. ఐతే నా పప్పు గిన్నె, చారు గిన్నె, చేపల కూర గిన్నె ఇచ్చేయండి."

మిగతా మూటలన్నీ లారీ మీద ఉన్నాయి. ఏ గిన్నె ఏ మూటలో ఉందో మా అత్తకే తెలియదు. ఒక్కొక్కటే దించి, ముగ్గు తొక్కకుండా పక్కన పెట్టి, విప్పడం మొదలుపెట్టాం.